చెన్నైలో ఉంటూ తెలుగు పాప్ సింగర్‌గా నిలదొక్కుకోవడం ఎలా?

గొంతు బాగుందని నలుగురూ అంటున్నారు, రీల్స్‌కి లైకులు వస్తున్నాయి. కానీ పాటనే బతుకుతెరువు చేసుకోవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలో తెలియదు. తెలుగు సినిమా హైదరాబాద్ వెళ్లిపోయాక చెన్నైలో మనకేముంది అని చాలామంది నీరసపడతారు. కోడంబాకం, వడపళని, సాలిగ్రామం స్టూడియోల్లో తెలుగు గొంతులకు ఇప్పటికీ పని ఉంది. పైగా పాప్ సింగర్‌కు సినిమా ఒక్కటే దిక్కు కాదు.

ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం 1966లో ఈ ఊళ్లోనే సినిమా పాట మొదలుపెట్టారు. తర్వాత కమల్ హాసన్‌కు తెలుగులో డబ్బింగ్ చెప్పారు, సంగీతం చేశారు, నటించారు. 1996 నుంచి ఈటీవీ ‘పాడుతా తీయగా’తో ఇంటింటికీ వచ్చారు. పాప్‌లో స్మితను చూడండి. ఆల్బమ్‌లతో పేరు తెచ్చుకుని, తర్వాత ఓటీటీలో టాక్ షో కూడా నడిపారు.

1. ముందు సొంత పాట ఉండాలి

కవర్ సాంగ్స్‌తో జనం వస్తారు, నిజమే. కానీ ఆ వీడియో మీద వచ్చే డబ్బును యూట్యూబ్ కంటెంట్ ఐడీ (ఎవరి పాటో గుర్తుపట్టే వ్యవస్థ) ద్వారా పాట హక్కులున్న కంపెనీ తీసుకోవచ్చు. అందుకే కవర్లు పాడుతూనే మధ్యమధ్యలో సొంత పాట వదలండి. డెమోకు ఒక ఆడియో ఇంటర్‌ఫేస్ (మైక్‌ను కంప్యూటర్‌కు కలిపే పరికరం), ఓ మోస్తరు కండెన్సర్ మైక్ చాలు. రికార్డ్ చేసేటప్పుడు ఫ్యాన్, ఏసీ రెండూ ఆపేయాలి (చెన్నైలో మే నెలలో ఇదే అసలు తపస్సు). ఫైనల్ మిక్సింగ్ మాత్రం ఆ పని తెలిసినవాళ్లకే ఇవ్వండి.

2. ట్రాక్స్ పాడండి

నా లెక్కలో చెన్నై ఇచ్చే అసలైన శిక్షణ ఇదే. తమిళ పాటను తెలుగులోకి తెచ్చేటప్పుడు, లేదా పేరున్న గాయకుడు వచ్చేలోపు సంగీత దర్శకుడు పాటను విని చూసుకోవాలనుకున్నప్పుడు, ట్రాక్ పాడేవాళ్లు కావాలి. మీ గొంతు తీసేసి ఇంకొకరితో పాడించే అవకాశం ఎప్పుడూ ఉంటుంది. దాన్ని మనసుకు తీసుకోవద్దు. పారితోషికం ఎంతో, పాట మీ గొంతుతోనే ఉంటే పేరు వేస్తారో లేదో ముందే అడగండి.

రికార్డింగ్ బూత్‌లో చాలామంది తడబడేది సాహిత్యం దగ్గర. చెన్నైలో పెరిగిన మన పిల్లల్లో కొందరు పాటను తమిళ లిపిలో రాసుకుంటారు. అందులో క, గ రెండింటికీ ఒకటే అక్షరం. ‘గాలి’ అని రాసుకున్నది ‘కాలి’ అవుతుంది, ఒత్తులు ఎగిరిపోతాయి. పాటను తెలుగు లిపిలోనే మీ చేత్తో రాసుకుని, ఊపిరి తీసుకునే చోట గీత పెట్టుకోండి. డబ్బింగ్ పాటైతే తెర మీద పెదవులు మూసుకునే చోట ప, బ, మ లాంటి అక్షరాలు పడేలా రచయిత చూసుకుంటారు. అక్కడ మీరు సాగదీస్తే ఆయన పడ్డ శ్రమంతా వృథా. హెడ్‌ఫోన్ ఒక చెవికి కాస్త పక్కకు జరిపి పాడితే మీ శ్రుతి మీకు వినిపిస్తుంది. కాకపోతే మ్యూజిక్ మైక్‌లోకి లీక్ కాకుండా చూసుకోవాలి.

3. విడుదలను హడావిడిగా చేయొద్దు

పాటలను యాప్స్‌కు చేర్చే డిజిటల్ డిస్ట్రిబ్యూటర్ ద్వారా మీ పాటను స్పాటిఫై, జియోసావన్ లాంటి యాప్స్‌లో పెట్టించండి. పాటకు ఐఎస్ఆర్‌సీ నంబరు (ఒక్కో రికార్డింగ్‌ను విడిగా గుర్తించే కోడ్) తీసుకోండి. స్పాటిఫైలో ప్లేలిస్టుల కోసం పాటను కనీసం 7 రోజుల ముందు పంపాలి కాబట్టి రెండు మూడు వారాల ముందే అప్‌లోడ్ చేస్తే టెన్షన్ ఉండదు. అక్కడ 12 నెలల్లో 1,000 స్ట్రీమ్స్ దాటని పాటకు డబ్బు రాదు. యూట్యూబ్ ప్రకటనల ఆదాయానికి 1,000 మంది సబ్‌స్క్రైబర్లు ఉండాలి. దాంతోపాటు ఏడాదిలో 4,000 గంటల వీక్షణ గానీ, 90 రోజుల్లో కోటి షార్ట్స్ వ్యూస్ గానీ రావాలి. పేరు స్పెల్లింగ్ అన్నిచోట్లా ఒకేలా ఉంచండి.

4. స్టేజి, టీవీ

జనవరిలో ఐఐటీ మద్రాస్ సారంగ్, మిగతా కాలేజీల కల్చరల్స్, తెలుగు సంఘాల ఉగాది కార్యక్రమాలు. ఇవన్నీ కనీసం రెండు మూడు నెలల ముందే అడగాల్సినవి. సగం అడ్వాన్స్ చేతికొచ్చాకే డేట్ ఖాయం చేయండి.

టీవీ పోటీలో గెలిచినా ఓడినా గుర్తింపు ఉండేది కొద్ది నెలలే. ఎపిసోడ్ ప్రసారమయ్యే వారానికల్లా మీ సొంత పాట సిద్ధంగా ఉండాలి. పేరు వెతికినవాళ్లకు పాత కరోకే వీడియోలు తప్ప ఇంకేమీ దొరకకపోతే వాళ్లు మళ్లీ రారు.

5. కాగితాలు

అందరూ బద్ధకించేది ఇక్కడే. 2012లో సవరించిన కాపీరైట్ చట్టం రచయితకు, స్వరకర్తకు, గాయకుడికి రాయల్టీ హక్కులు ఇచ్చింది. మీరే రాసి, బాణీ కడితే రచయితలు, స్వరకర్తల తరఫున రాయల్టీ వసూలు చేసే ఐపీఆర్ఎస్‌లో చేరండి. గాయకుల రాయల్టీ కోసం 2013లో ఇస్రాగా మొదలైన సంస్థ ఇప్పుడు ఇసామ్రా. వేరేవాళ్లు రాస్తే ఎవరి వాటా ఎంతో విడుదలకు ముందే ఒక పేజీ మీద రాసి అందరూ సంతకాలు చేయండి.

స్నేహం ఉంది కదా అనుకోవద్దు. తన పాటలను అనుమతి లేకుండా స్టేజి మీద పాడవద్దని 2017లో ఇళయరాజా పంపిన లీగల్ నోటీసు దశాబ్దాల స్నేహితుడైన బాలుగారికే వచ్చింది. 2021లో దేశదేశాలా మోగిన ‘ఎంజాయ్ ఎంజామి’ అనే తమిళ పాటకు తమకు డబ్బే అందలేదని దాని సంగీత దర్శకుడు సంతోష్ నారాయణన్ 2024లో బహిరంగంగా చెప్పారు. అంత పేరున్న పాటకే అలా అయితే కొత్తవాళ్ల సంగతి వేరే చెప్పాలా?

లేబుల్ ఒప్పందం చేతికొస్తే మూడు విషయాలు వెతకండి: మాస్టర్ రికార్డింగ్ (పాట అసలు రికార్డింగ్) ఎవరిది, ఎన్నేళ్లకు ఇస్తున్నారు, లెక్కలు ఎన్ని నెలలకోసారి చూపిస్తారు. ఏ ఒక్కటి కనిపించకపోయినా సంతకం ఆపి, కాపీరైట్ కేసులు చూసే లాయర్‌తో ఒకసారి చదివించండి.