ఫ్లాష్ వేసినా వెనకాల దీపాలు పోకుండా

రాత్రిపూట ఫ్లాష్‌తో తీస్తే ముఖం తెల్లగా పాలిపోయేది, వెనకాల దీపాల వరస మొత్తం నల్లగా అయిపోయేది. ఎన్నాళ్లో ఫ్లాష్‌నే తప్పుబట్టాను. అసలు సమస్య 1/200 సెకను షట్టర్. ఫ్లాష్ మెరుపు రెప్పపాటు కన్నా చిన్నది. షట్టర్ ఎంతసేపు తెరిచినా ముఖం మీద దాని వెలుగు పెరగదు, పెరిగేది వెనకాల వెలుగే.

మాన్యువల్ మోడ్‌లో ఐఎస్‌ఓ (వెలుగుకు కెమెరా స్పందించే స్థాయి) 800, లెన్స్ రంధ్రం ఎఫ్/4, షట్టర్ 1/4 సెకను పెట్టి, కెమెరాను ట్రైపాడ్ మీదికి ఎక్కించాను. ఫ్లాష్ ఒక స్టాప్, అంటే సగానికి, తగ్గించాను. దీపాలు వాటి రంగుతో సహా వచ్చేశాయి!

తర్వాత మా పాప దీపం పట్టుకుని నడుస్తుంటే తీశాను. వెలుగు చార తనకు ముందుగా సాగి, వెనక్కి నడుస్తున్నట్టు కనిపించింది. ఫ్లాష్ మొదట్లోనే వెలగడం వల్ల అలా అయింది. షట్టర్ మూసుకునే ముందు ఫ్లాష్ వెలిగే రియర్ కర్టెన్ సింక్‌కి మార్చగానే చార వెనక్కి వెళ్లింది, అడుగు ముందు పడింది. ఎంత అందంగా ఉందో!

ఒక్క జాగ్రత్త: టీటీఎల్‌లో, అంటే ఫ్లాష్ ఎంత కావాలో కెమెరాయే కొలుచుకునే పద్ధతిలో, ముందు ఒక చిన్న మెరుపు వస్తుంది. అయిపోయిందనుకుని మనుషులు కదిలిపోతారు. అందుకే నిలబెట్టి తీసేటప్పుడు, "నేను చెప్పేదాకా కదలొద్దు" అని ముందే చెప్పేస్తాను.