ఒడియా రాకనా, అక్షరమే అందకనా?

ఒడిశాలో పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు మన పిల్లలు చాలామంది ఇంట్లో తెలుగు మాట్లాడి, బడిలో ఒడియా చదువుతారు. అందుకే వెనకబడిన పిల్లల విషయంలో పొరపాటు రెండు వైపులా జరుగుతుంది. భాష సమస్యేలే అని అసలు ఇబ్బందిని ఏళ్ల తరబడి వదిలేస్తాం. లేదా భాష రాని పిల్లకి లేని లోపం అంటగడతాం.

సమస్య: నోటితో జవాబు చెప్తాడు, చదవమంటే బిగుసుకుపోతాడు

"మావోడికి బుర్ర లేదు మాస్టారూ" అని ఒక తల్లి నా దగ్గర కన్నీళ్లు పెట్టుకుంది. ఆ పిల్లాడే ముందురోజు విన్న పాఠమంతా పొల్లుపోకుండా తెలుగులో చెప్పాడు. బుర్ర లేనివాడు చెప్పే పనేనా అది?

కారణం: ముందు కళ్లు, చెవులు చూపించండి. అవి బాగుంటే తెలుగులో అడిగి చూడండి. "పలక"లో "ప" తీసేస్తే ఏం మిగిలింది? "లక" అని చటుక్కున చెప్పి, తెలుగు అక్షరాలు కూడా త్వరగా పట్టేస్తే, చిక్కు బహుశా ఒడియాతోనే. ఇంటి భాషలో కూడా శబ్దాలు విడదీయలేక, ఎన్ని నెలలు దిద్దించినా అక్షరం నిలవకపోతే డిస్లెక్సియా అని, అంటే తెలివి ఉన్నా చదవడమే కష్టమయ్యే ఇబ్బంది అని అనుమానించాలి.

పరిష్కారం: ఒడియాలో చాలా అక్షరాలకి పైన ఒకటే గుండ్రటి గొడుగు, తేడా అంతా కిందనే. అలాంటివి రెండు ఒకే రోజు నేర్పకండి. అట్టముక్కలో ఒక్క లైను కనబడేంత కిటికీ కోసి పేజీ మీద జరుపుకోమనండి. చూపు పక్క లైనులోకి జారదు. అందరి ముందు హఠాత్తుగా లేపి చదివించొద్దు, చదవాల్సిన నాలుగు లైన్లూ ముందురోజే ఇవ్వండి. ప్రశ్నపత్రం మీరు చదివి వినిపించండి, జవాబు నోటితో చెప్పినా మార్కులు వేయండి.

సమస్య: 24 చెప్తే 42 వేస్తుంది

కారణం: తొందరపడి డిస్కాల్క్యులియా, అంటే లెక్కలే తలకెక్కని ఇబ్బంది, అనకండి. మనం "ఇరవై నాలుగు" అంటాం, ఇరవై ముందు. ఒడియాలో "చబిశ", నాలుగు ముందు వినిపిస్తుంది. విన్న వరసలోనే పిల్ల రాసింది. తెలుగులో చెప్పినా తారుమారు చేస్తూ, ఏది పెద్ద సంఖ్యో కూడా తేల్చుకోలేకపోతే అప్పుడు ఆలోచించాలి.

పరిష్కారం: పది పుల్లల కట్టలు రెండు, విడి పుల్లలు నాలుగు చేతికివ్వండి. గళ్ల పుస్తకంలో గడికో అంకె వేయించండి. ఎక్కాల పట్టిక ఎదురుగా ఉంచుకోనివ్వండి.

సమస్య: బోర్డు మీదిది సగమే ఎక్కించుకుంటాడు

బద్ధకం అనేస్తాం. రాతే కష్టమయ్యే డిస్గ్రాఫియా కావచ్చు. నోట్సు కాపీ ఇచ్చేయండి, ముందు బెంచీలో కూర్చోబెట్టండి, సమయం పెంచండి.

సమస్య: పరీక్షలో సాయం అడిగితే కాగితం అడుగుతున్నారు

2016 వికలాంగుల హక్కుల చట్టం ఈ ఇబ్బందుల్ని వైకల్యంగా గుర్తించింది. అదనపు సమయం, రాసిపెట్టే మనిషి, రెండో మూడో భాషల మినహాయింపు దాని 17వ సెక్షన్‌లో ఉన్నాయి. బోర్డు పరీక్షల్లో వీటికి, పిల్లకి ఈ ఇబ్బంది ఉందనే ధ్రువపత్రం కావాలి. 2018 మార్గదర్శకాల ప్రకారం 8 ఏళ్లు నిండాకే ఇచ్చేవాళ్లు, 14 ఏళ్లకి మళ్లీ చేయించమనేవాళ్లు. 2024లో ఆ మార్గదర్శకాలు మారాయి, ఇప్పటి లెక్క ధ్రువపత్రం ఇచ్చేచోటే అడగండి. అక్కడ పిల్లని పరీక్ష చేసేవాళ్లకి ఇంటి భాష తెలుగని ముందే చెప్పండి, తెలుగులో రాసిన పుస్తకం ఏదైనా ఉంటే వెంట తీసుకెళ్లండి. మళ్లీ ఎప్పుడు చేయించాలో కూడా అడగండి. ఆ తేదీ ఇప్పుడే రాసిపెట్టుకోండి.