లింఫోమా జన్యు పరీక్షలో పాజిటివ్ వచ్చినప్పుడు

రక్తపరీక్ష రిపోర్టులో ‘బీసీఎల్‌2 పాజిటివ్’ లేదా ‘టి(14;18) పాజిటివ్’ అని కనిపించగానే లింఫోమా, అంటే లింఫ్ గ్రంథుల క్యాన్సర్, వచ్చేసిందని కుంగిపోవద్దు. 14, 18 క్రోమోజోముల ముక్కలు తారుమారై, కణాన్ని చావకుండా కాపాడే బీసీఎల్‌2 జన్యువు యాంటీబాడీ జన్యువు పక్కకు చేరడమే ఈ మార్పు. లింఫోమాలో ఒక రకమైన ఫాలిక్యులర్ లింఫోమా రోగుల్లో ఎక్కువమందికి ఉండే ఇదే మార్పు, జన్యు ముక్కను అనేక రెట్లు పెంచి పట్టే సూక్ష్మమైన పీసీఆర్ పరీక్షతో వెతికితే, ఏ జబ్బూ లేని పెద్దవారిలో కూడా చాలామంది రక్తంలో దొరుకుతుంది. వారిలో అత్యధికులకు లింఫోమా ఎన్నటికీ రాదు. అయితే పది వేల రక్తకణాలకు ఈ మార్పు ఉన్న కణాలు ఒకటి కంటే ఎక్కువగా ఉన్నవారికి ముప్పు ఎక్కువని 2014లో వెలువడిన ఒక పరిశోధన తేల్చింది కాబట్టి, ‘ఉందా’ అని కాక ‘ఎంత ఉంది’ అని డాక్టరును అడగాలి. ఆరోగ్యంగా ఉన్నవారు భయంతో ఈ పరీక్ష చేయించుకోవడం డబ్బు దండుగ అని నా నిశ్చితాభిప్రాయం, ఎందుకంటే ఆ ఫలితం ఒక్కదాన్ని బట్టి ఇచ్చే మందు ఏదీ లేదు.

అంతకంటే ముఖ్యం చేతికి తగిలే బిళ్ల (గడ్డ). మెడలో, చంకలో, గజ్జల్లో నొప్పి లేని బిళ్ల మూడు వారాలు దాటినా తగ్గకపోతే, టీబీ అయి ఉంటుందన్న ఊహతో మందులు మొదలుపెట్టకుండా, వరంగల్ ఎంజీఎంలో గానీ మరో పెద్దాసుపత్రిలో గానీ చూపించి, సూది పరీక్షతో ఆగకుండా వీలైతే బిళ్ల మొత్తాన్ని తీసి బయాప్సీకి, అంటే సూక్ష్మదర్శినితో చూసే కణజాల పరీక్షకు, పంపమని అడగాలి. కారణం తెలియని జ్వరం, పక్క తడిసేంత రాత్రి చెమటలు, ఆరు నెలల్లో పదో వంతు బరువు తగ్గడం ఉంటే అసలు ఆలస్యం చేయకూడదు.

చికిత్స ముగిసినవారు జన్యు పరీక్ష చేయించాల్సి వస్తే ప్రతిసారీ ఒకే ల్యాబులో, ఒకే రకం నమూనాతో చేయించాలి. రక్తం ఫలితాన్ని ఎముక మజ్జ ఫలితంతో పోల్చకూడదు. పీసీఆర్ మళ్లీ పాజిటివ్ వచ్చినంత మాత్రాన కీమో మొదలుపెట్టరు. జబ్బు తిరగబెట్టిందన్న అనుమానం బలంగా ఉంటే మళ్లీ బయాప్సీ చేయించడమే సరైన దారి.

కీమో ముగిశాక సాధారణంగా ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగి, ఒంట్లో చురుగ్గా ఉన్న జబ్బును చూపే పెట్ స్కాన్ తీస్తారు. రిపోర్టులో డోవిల్ స్కోరు (జబ్బు ఎంత మిగిలిందో 1 నుంచి 5 వరకు చెప్పే కొలమానం) 1 నుంచి 3 వరకు ఉంటే చాలావరకు మంచి ఫలితమే. స్కాన్ కోసం కాజీపేటలో తెల్లవారుజామున రైలెక్కి హైదరాబాద్ వెళ్లేవారు దారిలో టీ కూడా తాగకూడదు, మంచినీళ్లు మాత్రం తాగవచ్చు. షుగర్ ఉన్నవారు ఆ పూట ఇన్సులిన్, మాత్రలు ఎలా తీసుకోవాలో స్కానింగ్ సెంటరును ముందురోజే అడిగి తెలుసుకోవాలి.