సొంతంగా కట్టుకున్న విమానానికి తోక సెట్ చేయడం ఎలా

ఇంజన్ మీద పెట్టే శ్రద్ధలో సగం కూడా చాలామంది తోక మీద పెట్టరు, విమానం ఒకవైపు లాగుతుంటే వెంటనే ట్రిమ్ టాబ్ (తోకలో కదిలే భాగాల వెనకంచున ఉండే చిన్న రేకు) వంచేస్తారు. దయచేసి ఆ పని చేయొద్దు. టాబ్ చివరి పని. ముందు స్టెబిలైజర్, అంటే తోకలో కదలకుండా ఉండే అడ్డ రెక్క, సరిగ్గా కూర్చోవాలి.

మా అనంతపురం వైపు ఆషాఢం గాలి సంగతి తెలిసిందే, షెడ్డు తలుపులు మూసుకుని పొద్దున్నే మొదలుపెట్టండి. డ్రాయింగులో చూపిన చోట రసమట్టం పెట్టి బాడీని లెవెల్ చేయండి. రెక్కల కొసలకూ తోక కొసలకూ మేస్త్రీలు వాడే నీళ్ల ట్యూబు చాలు. తర్వాత బాడీ నడిమి గీత మీద ముందువైపు ఒక గుర్తు పెట్టి, అక్కడి నుంచి స్టెబిలైజర్ రెండు కొసలకూ టేపు లాగండి, రెండు కొలతలూ సమానంగా వచ్చేదాకా బోల్టులు బిగించొద్దు.

స్టెబిలైజర్ కోణం డ్రాయింగు ప్రకారమే పెట్టండి. డీజీసీఏ (విమానాలకు అనుమతులిచ్చే కేంద్ర ప్రభుత్వ సంస్థ) అనుమతి వచ్చి ఎగిరాక, మామూలు వేగంలో కూడా స్టిక్‌ను (విమానం ముక్కును లేపే, దించే చేతి కర్రను) ముందుకు తోస్తూనే ఉండాల్సి వస్తే, బరువు లెక్క సరిగ్గానే ఉందని తేల్చుకుని, డిజైనర్‌ను అడిగి స్టెబిలైజర్ ముందంచు కొంచెం లేపాలి. ముందు, వెనక బోల్టుల మధ్య 300 మిల్లీమీటర్లు ఉంటే, ముందు 5 మిల్లీమీటర్ల వాషర్ వేస్తే దాదాపు ఒక డిగ్రీ మారుతుంది, అంటే ఒక్క పల్చటి వాషర్ కూడా లెక్కే.

స్టిక్, పెడళ్ల నుంచి తోకకు వెళ్లే కేబుళ్ల టెన్షన్ (బిగువు) దగ్గర మన ఎండలు మోసం చేస్తాయి. వేడికి అల్యూమినియం బాడీ ఉక్కు కేబుల్ కంటే దాదాపు రెట్టింపు సాగుతుంది, కాబట్టి మే నెల మధ్యాహ్నం రేకుల షెడ్డులో బిగువుగా అనిపించిన కేబుల్ డిసెంబరు తెల్లవారుజామున వదులైపోతుంది. ఉష్ణోగ్రతను బట్టి ఎంత టెన్షన్ ఉండాలో చార్టు ఉంటుంది, టెన్షన్ మీటరు పెట్టి చూడండి, వేలితో నొక్కి చూస్తే సరిపోదు. టర్న్‌బకిల్ (కేబుల్‌ను బిగించే మర గొట్టం) బయట మర మూడు చుట్లకు మించి కనబడకూడదు, అది వదులవకుండా లాకింగ్ వైరు చుట్టకుండా పక్కకు వెళ్లొద్దు.

ఇప్పుడు స్టిక్ వెనక్కి లాగండి, ఎలివేటర్ (స్టెబిలైజర్ వెనక పైకీ కిందికీ కదిలే పలక) వెనకంచు పైకి లేవాలి. కుడి పెడల్ తొక్కితే రడ్డర్ (తోకలో నిలువుగా ఉండి పక్కలకు తిరిగే పలక) వెనకంచు కుడికి తిరగాలి. ఇది మీరొక్కరే కాదు, ఈ పనిలో చెయ్యి పెట్టని ఇంకో మనిషి కూడా చూడాలి, ఎందుకంటే కేబుళ్లు తారుమారైతే నేల మీదే పట్టుకోవాలి.

పెయింట్ వేశాక ఎలివేటర్ బ్యాలెన్స్, అంటే కీలుకు ముందూ వెనకా బరువు తూకం, మళ్లీ చూడండి, వెనకంచు బరువెక్కితే ఫ్లట్టర్ (వేగంలో ఆ పలక దానంతటదే విపరీతంగా కొట్టుకోవడం) వచ్చే ప్రమాదం ఉంది. అన్నీ సరిగ్గా ఉన్నా ఇంకా ముక్కు దిగుతుంటే అప్పుడే ఎలివేటర్ టాబ్ కాస్త కిందికి వంచండి, గాలి ఎలివేటర్‌ను పైకి నెడుతుంది. ఒకసారికి కొద్దిగానే వంచి, ఎంత వంచారో లాగ్‌బుక్కులో రాసుకోండి.