ఆఫీసులో సెమీ క్రిస్మస్ ఎలా చేయాలి?

డిసెంబరు వచ్చిందంటే తెలుగు రాష్ట్రాల్లో బళ్లలో, కాలేజీల్లో, ఆఫీసుల్లో సెమీ క్రిస్మస్ వేడుకలు మొదలవుతాయి. అసలు పండగ నాడు క్రైస్తవులు చర్చిలోనో, సొంతూళ్లోనో ఉంటారు. అందుకని తోటివాళ్లతో చేసుకునే సంబరాన్ని ముందే జరుపుకుంటారు. హైదరాబాద్‌లో నలభై మంది దాకా పనిచేసే ఒక ఆఫీసుకు ఈ వేడుక ఎలా చేయాలో చెబుతాను.

చాలామంది ఏర్పాట్లను కేకుతోనో, చెట్టుతోనో మొదలుపెడతారు. అంతకంటే ముందు కనుక్కోవాల్సింది ఒకటుంది: ఈ పార్టీకి రావడానికి మన ఆఫీసులో ఎవరికి ఇబ్బంది? ఆ సంగతి తేలితే తేదీ, భోజనం, ఆటలు అన్నీ వాటంతట అవే కుదురుకుంటాయి.

1. నవంబరు చివర్లో నలుగురు కూర్చోండి

వేర్వేరు టీమ్‌ల నుంచి నలుగురు చాలు. అందులో హౌస్‌కీపింగ్ వాళ్లో, సెక్యూరిటీ వాళ్లో ఒకరుండేలా చూడండి. "మీ పండగే కదా, మీరే చూసుకోండి" అని క్రైస్తవ సహోద్యోగుల మీద మాత్రం పెట్టకండి. ఆ నెలంతా వాళ్లకు చర్చి పాటల బృందం (క్వయర్) ప్రాక్టీసులు, రాత్రిపూట ఇంటింటికీ వెళ్లి పాడే క్రిస్మస్ పాటలు (కేరల్స్), ఇంట్లో పిండివంటలు, ఊరి ప్రయాణం ఉంటాయి. వాళ్లను సలహా అడగండి. పని మిగతావాళ్లు పంచుకోండి.

ఇంకో మాట. క్రైస్తవులందరూ క్రిస్మస్ చేసుకోరు. యెహోవా సాక్షులు అనే శాఖవాళ్లు చేసుకోరు. పేరు చూసి ఊహించుకుని ఎవరినీ ముందుకు లాగకండి.

2. బుధవారం చూసి తేదీ పెట్టండి

2026లో డిసెంబరు 25 శుక్రవారం వచ్చింది. గుంటూరుకో, రాజమండ్రికో వెళ్లేవాళ్లు 23 నుంచే సెలవు పెడతారు. కాబట్టి ఆ వారంలో పెడితే సగం కుర్చీలు ఖాళీ.

వారం సంగతీ చూసుకోవాలి. మనవాళ్లలో మంగళవారం, గురువారం, శనివారం నీచు ముట్టని వాళ్లు చాలామంది. శుక్రవారం సాయంత్రం సూర్యాస్తమయంతో సెవెంత్ డే అడ్వెంటిస్టులకు (క్రైస్తవుల్లో ఒక శాఖ) విశ్రాంతి దినం మొదలవుతుంది. సోమవారం ఇంటినుంచి పనిచేసేవాళ్లు ఎక్కువ. అన్నీ లెక్కేస్తే బుధవారమే మిగులుతుంది. అందుకే 16, బుధవారం అనుకోండి.

వేడుక పగలే పెట్టండి. ఒంటిగంటకు భోజనం, మూడింటికి కేకు, ఐదింటికల్లా ముగింపు. చిన్నపిల్లల తల్లులు టెన్షన్ పడకుండా ఇల్లు చేరతారు. అమెరికా షిఫ్టు వాళ్లు కనీసం కేకు వేళకైనా అందుకుంటారు.

3. డబ్బు సంగతి ముందే తేల్చండి

కంపెనీ ఎంతిస్తుందో మెయిల్‌లో రాయించుకున్నాకే మిగతా లెక్కలు వేయండి. చాలకపోతే చందా వేసుకోవచ్చు గానీ, అందరి దగ్గరా ఒకే మొత్తం వసూలు చేయడం న్యాయం కాదు. మేనేజర్లు ఎక్కువ వేసుకోవాలి. హౌస్‌కీపింగ్, సెక్యూరిటీ, ఆఫీస్ బాయ్‌ల దగ్గర రూపాయి కూడా తీసుకోకూడదు. ఎవరెంత ఇచ్చారో గ్రూపులో జాబితా పెట్టకండి. యూపీఐ ద్వారా ఒక్కరి ఖాతాకే పంపమనండి. లెక్క రాసేది మాత్రం ఇంకొకరై ఉండాలి.

4. భోజనం: ఇక్కడే ఎక్కువ ఆలోచించాలి

వేడుక బాగుందా లేదా అన్నది ఎక్కువగా ఇక్కడే తేలుతుంది. పది రోజుల ముందే ఒక చిన్న ఫారం పంపి ఎవరేం తింటారో, ఏం తినరో అడిగేయండి. కారణం అడగనక్కర్లేదు.

డిసెంబరులో ఏ ఆఫీసులో చూసినా నల్లబట్టల్లో అయ్యప్ప స్వాములు, ఎర్రబట్టల్లో భవానీలు కనబడతారు. మండల దీక్ష 41 రోజులు. మాల వేసుకున్నవాళ్లు మాంసం, గుడ్డు, ఉల్లి, వెల్లుల్లి ముట్టరు. చాలామంది బయట వండినది ఏదీ తినరు. "స్వామీ, మీకు వెజ్ ఉందిగా" అనేస్తే సరిపోదు. వాళ్లకోసం కోయని పళ్లు, కొబ్బరి బోండాలు, సీలు తీయని డ్రైఫ్రూట్స్ విడిగా ఒక బల్లమీద పెట్టండి. ఆ బల్లని మాంసం వడ్డించే చోటికి దూరంగా వేయండి. అంత చిన్న ఏర్పాటుతో స్వాములు కూడా మన మధ్యే కూర్చుంటారు.

జైనులుంటే దుంపలు లేని కూర ఒకటి చెప్పండి. ముస్లిం సహోద్యోగుల కోసం మాంసం హలాల్‌దేనా అని కేటరర్‌ని సూటిగా అడగండి. శాకాహారానికి గరిటెలు, గిన్నెలు, వడ్డించే మనిషి కూడా వేరుగా ఉండాలి. ఒకే గరిటె రెండింట్లో తిరిగిందంటే శాకాహారులు పెరుగన్నంతో సరిపెట్టుకుని లేచిపోతారు.

బిర్యానీ లెక్క తేలికే. కిలో బియ్యం, కిలో చికెన్‌తో చేసింది సుమారు ఏడెనిమిది మందికి వస్తుంది. ముప్పై మంది మాంసాహారులుంటే నాలుగు కిలోలది చెప్పండి. మిగతా పదిమందికి సరిగ్గా పదిమంది వంట కాకుండా కాస్త ఎక్కువ చెప్పాలి. వెజ్ బిర్యానీ, పనీర్ కూర మాంసం తినేవాళ్లూ వడ్డించుకుంటారు. ముందు అయిపోయేది అదే.

ఇక కేకు. ఒక్కో ముక్క 50 గ్రాములనుకుంటే కిలోకి ఇరవై ముక్కలు వస్తాయి. నలభై మందికి రెండు కిలోలు సరిపోతాయి, ఇంకో అర కిలో ఎక్కువ తీసుకుంటే నిశ్చింత. అందులో కిలో ఎగ్‌లెస్ తీసుకోండి. ప్లమ్ కేకులో వేసే ఎండుద్రాక్షలు, చెర్రీలను చాలా బేకరీల్లో రమ్ములో నానబెడతారు. మద్యం ముట్టనివాళ్లు ఏ మతంలోనైనా ఉంటారు కాబట్టి, ద్రాక్షరసంలోనో, నారింజరసంలోనో నానబెట్టినదే కావాలని ఆర్డరిచ్చేటప్పుడే చెప్పండి. పండగ దగ్గరపడేకొద్దీ బేకరీల్లో రద్దీ పెరుగుతుంది. వారం పదిరోజుల ముందే అడ్వాన్స్ ఇచ్చేయండి.

తెలుగు క్రైస్తవుల ఇళ్లలో క్రిస్మస్‌కి అరిసెలు, కజ్జికాయలు, గులాబీ పువ్వులు వండుతారు. స్వీట్ షాపు నుంచి రెండు మూడు కిలోలు తెప్పించి కేకు పక్కన పెట్టండి. కేకు ఒక్కటే ఉంటే ఏ దేశంలో పార్టీ అయినా అలాగే ఉంటుంది. అరిసెలుంటే మన క్రిస్మస్ అవుతుంది.

మందు వద్దనే నా సలహా. తెలంగాణలో విందులో మద్యం పెట్టాలంటే ఎక్సైజ్ శాఖ నుంచి ఈవెంట్ పర్మిట్ తీసుకోవాలి. అదలా ఉంచితే, తాగినవాళ్ల మధ్య ఇబ్బందిపడే ఆడవాళ్లు మరుసటి ఏడు రారు. మహిళలపై లైంగిక వేధింపుల నివారణకు వచ్చిన 2013 చట్టం ఉద్యోగరీత్యా వెళ్లే చోట్లకీ, కంపెనీ ఏర్పాటుచేసిన బండికీ కూడా వర్తిస్తుంది. బయట రెస్టారెంట్‌లో పార్టీ పెడితే ఈ సంగతి ఆహ్వానంలోనే మర్యాదగా రాయండి.

5. అలంకరణ

ఒక స్టార్, ఒక చెట్టు, యేసు పుట్టుకను చూపే చిన్న పశువుల పాక బొమ్మ చాలు. బేగంబజార్‌లో హోల్‌సేల్‌గా దొరుకుతాయి. మంటతో వెలిగే కొవ్వొత్తుల బదులు ఎల్‌ఈడీవి కొనండి. ఫాల్స్ సీలింగ్‌లో పొగ పసిగట్టే సెన్సర్లుంటాయి. స్నో స్ప్రే డబ్బాల్లో చాలావాటికి మంటంటుకునే గుణం ఉంది, అవి వద్దు.

6. సీక్రెట్ శాంటా

చీటీలో ఎవరి పేరు వస్తే వాళ్లకు, ఇచ్చిందెవరో తెలియకుండా బహుమతి ఇచ్చే ఆట ఇది. బహుమతికి రూ. 300 పరిమితి పెట్టండి, దాన్ని దాటవద్దని గట్టిగా చెప్పండి. ఒకరికి హెడ్‌ఫోన్లు, ఇంకొకరికి కీచైన్ వస్తే ఆ తేడా ఏడాదంతా గుర్తుంటుంది. పేరు ఇష్టమున్నవాళ్లే ఇవ్వాలి. చీటీలు వారం ముందు తీయించండి. బాస్ పేరు కొత్తగా చేరినవాళ్లకు వస్తే మార్చుకునే వీలివ్వండి. హౌస్‌కీపింగ్ వాళ్లు ఆడతామంటే వాళ్లు కొనే బహుమతికి డబ్బు నిధిలోంచి ఇవ్వండి. ఎవరైనా ఆరోజు రాకపోతే వాళ్లనుంచి అందుకోవాల్సినవాళ్లు ఖాళీ చేతులతో మిగలకుండా రెండు బహుమతులు అదనంగా ఉంచుకోండి.

7. ఆ రోజు

మొదట ఒక కేరల్. ఆఫీసులో పాడేవాళ్లుంటే తెలుగు పాటే పాడమనండి. ప్రార్థన చేస్తామని క్రైస్తవ సహోద్యోగులు తామే అంటే రెండు నిమిషాలివ్వండి. అనకపోతే అడిగి ఇరకాటంలో పెట్టవద్దు. ఉపన్యాసం ఒక్కటి చాలు, ఐదు నిమిషాల్లో ముగించాలి. తర్వాత మూడు ఆటలు, కేకు, బహుమతులు. శాంటా వేషం ఇష్టపడి ముందుకొచ్చినవాళ్లే వేయాలి. లావుగా ఉన్నారని ఒకరికి తగిలించడం చాలా ఆఫీసుల్లో జరుగుతుంది, అది మనసుకి తగులుతుంది. ఆటల్లోనూ అంతే, కూర్చుని చూస్తామన్నవాళ్లను లేపకండి.

సెక్యూరిటీ వాళ్లు గేటు వదిలి రాలేరు. వంతులవారీగా ఒక్కొక్కరిని పంపమని వాళ్ల సూపర్‌వైజర్‌తో రెండురోజుల ముందే మాట్లాడండి. హౌస్‌కీపింగ్ అక్కల్ని అందరితోపాటే కూర్చోబెట్టి వడ్డించండి. అందరూ తిన్నాక మిగిలింది పెట్టే అలవాటు ఉంటే ఈ ఏడు మానేయండి. ప్లేట్లు ఎవరివి వాళ్లే తీయాలి. బల్లలు తుడిచి, తోరణాలు విప్పే పనికి ఆ నలుగురూ ఇంకో నలుగుర్ని కలుపుకోండి.

తిండి మిగిలితే ఎక్కువసేపు బయట ఉంచకుండా వేడి తగ్గకముందే డబ్బాల్లో సర్ది, నైట్ షిఫ్టు వాళ్లకీ సెక్యూరిటీకీ ఇచ్చేయండి. మర్నాడు పొద్దున బిల్లుల ఫోటోలతో సహా ఖర్చుల లెక్క గ్రూపులో పెట్టండి. చందా మిగిలితే సంక్రాంతి ముగ్గుల పోటీకి వాడదామా, వెనక్కి ఇవ్వమంటారా అని అందులోనే అడిగేయండి.