గర్భిణికి ఐదో నెల నిండకముందే బీపీ ఎక్కువ చూపిస్తే

సమస్య: మూడో నెల చెకప్‌లో బీపీ 146/94.

మందుల సంగతి తర్వాత, ముందు కొలిచిన తీరు చూడండి. మెట్లెక్కి వచ్చి వెంటనే చూపించుకున్నా, మూత్రం ఆపుకుని కూర్చున్నా అంకె పెరుగుతుంది. ఎక్కువసార్లు తేడా తెచ్చేది చేతికి చుట్టే పట్టీ (కఫ్). దండచెయ్యి చుట్టుకొలత 33 సెం.మీ. దాటితే పెద్ద పట్టీ కట్టాలి. మూత్రానికి వెళ్లొచ్చి, వీపు ఆనించి, పాదాలు నేల మీద పెట్టి 5 నిమిషాలు ఊరికే కూర్చోవాలి. చెయ్యి గుండె ఎత్తులో ఉండాలి, మాట్లాడకూడదు. కనీసం 4 గంటల తేడాతో రెండోసారి చూసినా పై అంకె 140 గానీ కింది అంకె 90 గానీ తాకితే అది బీపీయే. 20 వారాల లోపు బయటపడిందంటే చాలావరకు గర్భం రాకముందు నుంచీ ఉన్నదే.

మూత్రంలో ప్రొటీన్, క్రియాటినిన్, పొటాషియం, ప్లేట్‌లెట్లు, లివర్ పరీక్షలు ఇప్పుడే చేయించి పెట్టుకోవాలి. ఏడో నెలలో ఏదైనా తేడా వస్తే పోల్చడానికి ఈ అంకెలే ఆధారం. మందుల్లో డాక్టర్లు ఎంచుకునేవి లాబెటలాల్ (ఉబ్బసం ఉంటే వద్దు), నిదానంగా పనిచేసే రకం నిఫెడిపిన్, మిథైల్‌డోపా. ఒకప్పుడు మందు మొదలుపెట్టడానికి పై అంకె 160 చేరేదాకా ఆగేవారు. 2022లో చాప్ ట్రయల్ (పాత బీపీ ఉన్న గర్భిణులపై జరిగిన పెద్ద అధ్యయనం) ఫలితాలు వచ్చాక 140/90 లోపే ఉంచుతున్నారు.

సమస్య: ఇంట్లో మామూలుగా ఉండి ఆసుపత్రిలోనే పెరుగుతోంది.

వారం పాటు పొద్దున, సాయంత్రం ఇంట్లో చూసి రాసుకోండి. 135/85 లోపు ఉంటే మందు అక్కర్లేకపోవచ్చు, కొలవడం మాత్రం మానకూడదు.

సమస్య: ఇప్పటికే టెల్మిసార్టాన్, లోసార్టాన్, రామిప్రిల్ లేదా ఎనలాప్రిల్ వాడుతున్నారు.

గర్భం అని తెలిసిన రోజే డాక్టర్‌కు చెప్పి మందు మార్పించుకోవాలి. ఇవి బిడ్డ కిడ్నీలను దెబ్బతీస్తాయి, ఉమ్మనీరు తగ్గిస్తాయి. అలాగని ఏ మందూ లేకుండా ఉండిపోవడమూ ప్రమాదమే.

సమస్య: నాలుగో నెలలో బీపీ దానంతటదే దిగింది.

రక్తనాళాలు వదులవడం వల్ల ఈ దశలో అందరికీ కాస్త తగ్గుతుంది. చివరి నెలల్లో మళ్లీ ఎక్కుతుంది. తగ్గిపోయిందని సొంతంగా మాత్రలు ఆపేయకండి. మొదటి చెకప్‌కే ఐదో నెలలో వెళ్లినవారిలో పాత బీపీ దొరక్కుండా పోయేది ఇందుకే.

ప్రీఎక్లాంప్సియా (బీపీ ముదిరి కిడ్నీ, లివర్ లాంటివి దెబ్బతినే స్థితి) రాకుండా ముందుజాగ్రత్తగా 12 వారాల నుంచి, 16 లోపే, రాత్రిపూట తక్కువ మోతాదు ఆస్పిరిన్ (75 నుంచి 150 మి.గ్రా.) డాక్టర్ రాస్తారు. 14 వారాల నుంచి కాల్షియం 500 మి.గ్రా. రోజుకు రెండుసార్లు వేసుకోవాలి. ఐరన్ మాత్రతో కలిపి వద్దు.

సమస్య: 20 వారాల లోపే బీపీతో పాటు మూత్రంలో ప్రొటీన్, విపరీతమైన వాంతులు, రక్తస్రావం, నెలలకు మించిన పొట్ట.

అరుదే గానీ మోలార్ ప్రెగ్నెన్సీ (మాయ నీటిబుడగల గుత్తిలా అసహజంగా పెరగడం) కావచ్చు. వెంటనే స్కాన్, హెచ్‌సీజీ (గర్భధారణ హార్మోన్) పరీక్ష చేయించాలి.

సమస్య: పై అంకె 160 గానీ కింది అంకె 110 గానీ దాటింది.

15 నిమిషాల్లోపు మళ్లీ చూడండి. తగ్గకపోతే 108కి ఫోన్ చేయండి. విపరీతమైన తలనొప్పి, చూపు మసకబారడం, కుడి పక్కటెముకల కింద నొప్పి ఉంటే అంకె ఎంతున్నా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి.