ఒక్క రైఫిలే కొంటానంటే ఏ తూటా తీసుకోవాలి? (వేటకీ, రేంజ్‌కీ)

నవంబర్ దగ్గరపడితే చాలు మా బ్యాచ్‌లో ఒకడు కాకపోతే ఒకడు ఫోన్ చేసి "అన్నా ఒక్క రైఫిలే కొంటా, దాంతోనే జింక వేటకి పోవాలి, మిగతా ఏడాదంతా రేంజ్‌లో టార్గెట్లు కొట్టుకోవాలి, ఏ క్యాలిబర్ తీసుకోమంటావ్" అంటాడు (క్యాలిబర్ అంటే ఏ కొలత తూటా అని). ప్రతిసారీ గంట సేపు ఫోన్లో చెప్పి చెప్పి నోరు నొప్పెట్టి ఈసారి రాసి పడేద్దామని కూర్చున్నా. నేను ఉండేది డల్లాస్‌కి ఉత్తరాన, కాబట్టి లెక్కలన్నీ టెక్సస్ లెక్కలే.

తూటా కంటే ముందు వీసా సంగతి. హెచ్-1బీ, ఎఫ్-1 లాంటి నాన్ ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్ళు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర పెట్టుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. మినహాయింపులు కొన్నే ఉన్నాయి, అందులో మనకి పనికొచ్చేది ఏదైనా స్టేట్ ఇచ్చిన, గడువు తీరని హంటింగ్ లైసెన్స్. గ్రీన్ కార్డ్ వచ్చినవాళ్ళకి ఈ తలనొప్పి లేదు. వీసా మీద ఉంటే మాత్రం ఫ్రెండ్ చెప్పాడనో నేను రాశాననో కాకుండా లాయర్‌ని అడిగాకే కౌంటర్ దగ్గరికి వెళ్ళండి. ఇండియాలో ఉండి చదివేవాళ్ళకి ఇది కాలక్షేపమే, వన్యప్రాణి చట్టం ప్రకారం ఇప్పుడు అక్కడ సరదా వేట అనేదే లేదు కదా.

ఇంకోటి, మాటలు. మనం అన్నిటినీ బుల్లెట్ అనేస్తాం గానీ షాపులో ఆ తేడా తెలియకపోతే తికమకపడతారు. ఇత్తడి కేసు, అడుగున దెబ్బ తగలగానే నిప్పు రాజేసే ప్రైమర్, లోపల పౌడర్, మూతి దగ్గర బుల్లెట్, ఈ నాలుగూ కలిస్తే ఒక తూటా, అదే కార్ట్రిడ్జ్. ఎగిరివెళ్ళేది బుల్లెట్ ఒక్కటే. దాని బరువు గ్రెయిన్లలో చెప్తారు, ఒక పౌండుకి 7000 గ్రెయిన్లు. నేను ఇప్పుడున్న రైఫిల్ కొన్నానని చెప్పగానే ఊర్నుంచి మా నాన్న అడిగిన మొదటి ప్రశ్న "త్రీ నాట్ త్రీనా?" అని. ఆయనకి పోలీసుల భుజాన చూసిన ఆ ఒక్కటే తెలుసు. కాదు నాన్నా ఇది త్రీ నాట్ ఎయిట్ అంటే ఐదు నంబర్లు పెరిగిందా అన్నాడు. నవ్వొచ్చింది గానీ పేర్ల గోల నిజంగా అలాగే ఉంటుంది. .303లో బుల్లెట్ అడ్డకొలత .303 అంగుళాలు కాదు, .311 పైనే. .270లో .277. .30-06లోనూ .308లోనూ మాత్రం బుల్లెట్ ఒకటే, .308 అంగుళాలు, కేసు పొడవే వేరు. పేరు చూసి ఏదీ ఊహించుకోవద్దు.

ఇప్పుడు అసలు పని. షాపుకి వెళ్ళకముందే ఒక కాగితం తీసుకుని మూడు రాయండి: ఏ జంతువుని కొడతారు, ఎంత దూరంలో కొడతారు, ఏడాదికి ఎన్ని తూటాలు కాలుస్తారు. మూడోది ఎవరూ రాయరు. నాకైతే అదే ముఖ్యం, ఎందుకంటే సీజన్ మొత్తంలో జింక మీద కాల్చేది రెండో మూడో, రేంజ్‌లో కాల్చేది మూడు నాలుగొందలు. అంటే మీరు కొనేది తొంభై తొమ్మిది వంతులు టార్గెట్ రైఫిల్, వేట అప్పుడప్పుడూ. అందరూ దీన్ని తిరగేసి, ఎలుగుబంటి ఎదురొస్తే ఎలా అని ఆలోచించి పెద్ద తూటా కొంటారు. టెక్సస్‌లో ఎక్కువమంది వేటాడేది లీజ్ పొలంలో (వేట కోసం అద్దెకి తీసుకున్నది), బ్లైండ్‌లో (జంతువుకి కనపడకుండా దాక్కునే గూడు) కుర్చీ వేసుకుని, వంద గజాల అవతల మొక్కజొన్న గింజలు చల్లే ఫీడర్ దగ్గరికి వచ్చే తెల్లతోక జింకని. నేను కొట్టిన వాటిలో అన్నిటికంటే దూరం 180 గజాలు. పైగా ఇక్కడి హిల్ కంట్రీ (టెక్సస్ కొండ ప్రాంతం) జింకలు ఉత్తరాది జింకల కంటే బాగా చిన్నవి. అంత దూరంలో ఆ సైజు జంతువుకి .243 నుంచి .30-06 దాకా ఏదైనా సరిపోతుంది, గురి సరైన చోట ఉంటే.

ఆ గురిని చెడగొట్టేది కిక్, అంటే పేలినప్పుడు రైఫిల్ వెనక్కి భుజాన్ని తన్నే దెబ్బ. ఇది నేను డబ్బు పోసి నేర్చుకున్నా. నా మొదటి రైఫిల్ .300 విన్‌చెస్టర్ మాగ్నమ్, ఎప్పుడో కొలరాడో వెళ్ళి ఎల్క్ (పెద్ద జాతి దుప్పి) కొడతానని కొన్నా (ఇప్పటిదాకా వెళ్ళలేదు, అది వేరే కథ). మొదటి రోజు ఒక బాక్స్, ఇరవై తూటాలు కాల్చేసరికి భుజం కమిలిపోయింది, ఫర్వాలేదు మగాడినే అనుకున్నా. నెల తర్వాత చూస్తే వంద గజాల్లో ఆరంగుళాల గుంపు (తూటాలన్నీ పడిన చోట్ల మధ్య వెడల్పు) కూడా రావట్లేదు, అన్నీ కిందికీ కుడికీ పోతున్నాయి. స్కోప్ పాడైందనుకుని మార్చా, అయినా అంతే. చివరికి రేంజ్‌లో పక్క బెంచి పెద్దాయన ఒకాయన వచ్చి, బాబూ నేను లోడ్ చేస్తా నువ్వు కాల్చు అని, నాకు తెలియకుండా ఒక డమ్మీ తూటా పెట్టాడు. ట్రిగ్గర్ నొక్కా. టక్ మని చప్పుడు, అంతే, పేలలేదు, కానీ నా రైఫిల్ మూతి నాలుగంగుళాలు కిందికి వంగింది, కళ్ళు మూసుకుపోయాయి, భుజం ముందుకి తోసింది. తుపాకీ పేలకుండానే నేను పేలిపోయా. సిగ్గేసింది. తెల్లారి దాన్ని అమ్మడానికి పెట్టేశా. కొనబోయే ముందు మీరూ ఈ పరీక్ష చేయించుకోండి, ఫ్రెండ్ రైఫిల్ అడిగి తీసుకుని, స్నాప్ క్యాప్స్ (డమ్మీ తూటాలు) మధ్యలో కలిపించుకుని ఇరవై సార్లు నొక్కండి. మూతి కదలకపోతే ఆ తూటా మీ భుజానికి సరిపడినట్టే.

సరే, ఇక పోటీలో మిగిలేవి ఏవంటే. .308 విన్‌చెస్టర్ 1952లో వచ్చింది, దీని మిలిటరీ అన్నదమ్ముడు నాటో 7.62×51. పాతది, బోరింగ్, అన్ని చోట్లా దొరుకుతుంది. 6.5 క్రీడ్‌మోర్ 2007లో హార్నడీ అనే తూటాల కంపెనీ వాళ్ళు టార్గెట్ పోటీల కోసమని తెచ్చారు, తర్వాత వేటగాళ్ళు ఎత్తుకుపోయారు. .308లో 150 నుంచి 180 గ్రెయిన్ల బుల్లెట్లు వాడతారు, క్రీడ్‌మోర్‌లో ఎక్కువగా 120 నుంచి 147. క్రీడ్‌మోర్ బుల్లెట్ సన్నగా పొడుగ్గా ఉంటుంది కాబట్టి గాలిని బాగా చీల్చుకుని పోతుంది, దూరం పోయినా వేగం అంతగా తగ్గదు. 140 చిల్లర గ్రెయిన్ల బుల్లెట్ సెకనుకి 2700 అడుగుల వేగంతో బయల్దేరి వెయ్యి గజాలు దాటాక కూడా ధ్వని వేగం పైనే ఉంటుంది, .308లో మామూలు 168 గ్రెయిన్ల మ్యాచ్ (టార్గెట్ పోటీలకి చేసిన) బుల్లెట్ ఆ దూరానికి వచ్చేసరికి ధ్వని వేగం అంచుకి దిగిపోయి తడబడుతుంది. పక్కగాలి గంటకి పది మైళ్ళుంటే ఐదొందల గజాల్లో రెండిటికీ ఐదారు అంగుళాల తేడా వస్తుంది. కిక్ కూడా .308 కంటే తక్కువ, ఒకే బరువు రైఫిల్లో దాదాపు ముప్పావు వంతు. అందుకే ఇవాళ కొత్తగా కొనేవాడు నన్నడిగితే 6.5 క్రీడ్‌మోర్ అనే చెప్తా, జంకు లేకుండా.

మరి నా దగ్గరున్నది .308, ఎందుకంటారా? రెండు కారణాలు. ఒకటి, బ్యారెల్, అంటే తుపాకీ గొట్టం. క్రీడ్‌మోర్ బ్యారెల్ పోటీ స్థాయి గురి రెండు మూడు వేల తూటాల దాకా ఇస్తుంది, .308 ఐదు వేలు దాటినా లాగేస్తుంది. ఏడాదికి నాలుగొందలు కాల్చేవాడికి ఇది పెద్ద లెక్క కాదు గానీ వారం వారం రేంజ్‌కి పోయేవాడికి లెక్కే. రెండోది నిజం చెప్పాలంటే, నేను కొన్నప్పుడు షాపులో సెకండ్ హ్యాండ్‌ది చవగ్గా దొరికింది. అంతే.

మిగతావి గబగబా. .30-06 1906 నాటిది, ఎల్క్ దాకా దేనికైనా సరిపోతుంది, కానీ దానికి లాంగ్ యాక్షన్ (పొడుగు తూటా పట్టే మెకానిజం ఉన్న) రైఫిల్ కావాలి, కాస్త బరువు, కిక్ కూడా .308 కంటే ఓ మెట్టు ఎక్కువ. తాత దగ్గర్నుంచి వచ్చినట్టు ఎవరైనా ఇస్తే వదులుకోవద్దు, కొత్తగా కొనాలంటే మాత్రం నేను కొనను. .270 కూడా అదే కేసు నుంచి 1925లో వచ్చింది, వేటకి బంగారం, కానీ టార్గెట్ బుల్లెట్లు దానికి తక్కువ దొరుకుతాయి కాబట్టి మన రెండు పనుల లెక్కలో వెనకబడిపోతుంది. .243 ఇంట్లో ఆడవాళ్ళకీ, చిన్న భుజాల వాళ్ళకీ చాలా హాయి, జింక వరకూ ఓకే. 7 ఎంఎం-08 నాకు మనసులో చాలా ఇష్టం, .308 కేసు మెడనే సన్నం చేసి తీశారు, కిక్ తక్కువ, దెబ్బ గట్టిది. కానీ 2020, 21లో తూటాల కరువు వచ్చినప్పుడు మా ఫ్రెండ్ ఒకడు దీని కోసం నాలుగు ఊళ్ళు తిరిగి ఖాళీ చేతులతో వచ్చాడు. ఆ రోజుల్లో .308 కూడా కష్టంగానే దొరికింది గానీ దొరికింది. అందుకే చెప్తున్నా, రైఫిల్ కొనే ముందు మీ ఇంటి దగ్గరి మూడు షాపుల్లో షెల్ఫుల ముందు నిలబడి లెక్కపెట్టండి, మీరనుకున్న తూటాలో ఎన్ని రకాల బాక్సులున్నాయి, రేటెంత అని. ప్రాక్టీస్ రకం తూటా ఒక్కోటి డాలర్‌కి అటూ ఇటూ ఉంటే వేట రకం దానికి రెట్టింపు ఉంటుంది. ఏడాదికి మూడొందలు అనుకుంటే ఎంతయిందో మీరే లెక్కేసుకోండి, తర్వాత ఇంట్లో ఎవరికి ఏం చెప్పాలో కూడా ఆలోచించుకోండి.

.223 సంగతి వేరేగా అడుగుతారు, చవక, కిక్ లేదు, దీంతో జింక కొట్టొచ్చా అని. టెక్సస్‌లో సెంటర్‌ఫైర్ (ప్రైమర్ అడుగు మధ్యలో ఉండేది) అయితే చాలు, చట్టం ఒప్పుకుంటుంది (నిప్పు రాజేసే మందు అడుగు అంచులో ఉండే .22 రిమ్‌ఫైర్‌తో జింకని కొట్టకూడదు). కొలరాడోలో ఒప్పుకోరు, అక్కడ కనీసం .24 క్యాలిబర్ ఉండాలి, బుల్లెట్ జింకకి 70 గ్రెయిన్లు, ఎల్క్‌కి 85 గ్రెయిన్లు తగ్గకూడదు, వంద గజాల్లో వెయ్యి ఫుట్ పౌండ్ల శక్తి ఉండాలి. ఒహాయో లాంటి చోట్ల జింకకి మనం మాట్లాడుకుంటున్న, కేసు సీసా మెడలా పైన సన్నబడే తూటాలేవీ పనికిరావు, తిన్నటి కేసు ఉన్నవే కావాలి. కాలిఫోర్నియాలో 2019 జులై నుంచి వేటకి సీసం బుల్లెట్లే నిషేధం, రాగివి కొనాలి. కాబట్టి ఉద్యోగం మారి రేపు ఇంకో స్టేట్‌కి పోయే అవకాశముంటే అక్కడి రూల్ బుక్ కూడా ఒకసారి తిరగెయ్యండి.

తూటా ఖాయం చేసుకున్నాక జనం చేసే పెద్ద తప్పు ఒకటుంది: రేంజ్‌లో బాగా పడింది కదా అని అదే మ్యాచ్ బాక్స్ పట్టుకుని వేటకి పోవడం. మ్యాచ్ బుల్లెట్ కాగితానికి చిల్లు పెట్టడానికి చేసింది. జంతువులో అది ఒక్కోసారి విచ్చుకోకుండా సూదిలా దూసుకుపోతుంది, ఒక్కోసారి పైపైనే ముక్కలైపోతుంది, ఎలాగైనా జింక గాయంతో పారిపోయి ఎక్కడో రాత్రంతా నరకం పడి చస్తుంది. వేటకి సాఫ్ట్ పాయింట్ (మొన మెత్తగా ఉండి లోపల విచ్చుకునేది) గానీ, ప్లాస్టిక్ మొన ఉన్న వేట బుల్లెట్ గానీ, పూర్తి రాగిది గానీ తీసుకోండి. తినే మాంసం కాబట్టి నేను రాగికే మారా, మా ఇంట్లో ఆ కీమాలో పిల్లలు గోంగూర వేసుకుని తింటారు మరి, సీసం ముక్కలు ఎందుకు. ఇంటి మాట వచ్చింది కాబట్టి ఇదీ చెప్పేస్తా, టెక్సస్‌లో 17 ఏళ్ళ లోపు పిల్లలకి లోడ్ చేసిన తుపాకీ అందేలా పెట్టి, అది వాళ్ళ చేతికి దొరికితే అదే నేరం. తూటాతో పాటే సేఫ్ కూడా కొనండి.

రైఫిల్ చేతికొచ్చాక బ్యారెల్ మీద చెక్కిన పేరూ, తూటా అడుగున ఉన్న పేరూ అక్షరం అక్షరం కలిపి చూడండి. బెంచి మీద ఒకేసారి ఒకే రకం తూటా ఉంచండి. .223 రైఫిల్లో .300 బ్లాకౌట్ తూటా పొరపాటున దూరిపోయి రైఫిల్ ముక్కలైన సంఘటనలు ఊరికే చెప్పుకునేవి కావు, చూడ్డానికి రెండూ ఒకే సైజులో ఉంటాయి.

తర్వాత ఒకే బరువులో మూడు నాలుగు కంపెనీల వేట బాక్సులు ఒక్కోటి కొనండి. చెవులకి ప్లగ్గులూ, పైన మఫ్‌లూ, రెండూ పెట్టుకుని, వంద గజాల్లో ఒక్కో రకం ఐదేసి తూటాలు కాల్చండి, మధ్యలో బ్యారెల్ చల్లారనివ్వండి, తొందరపడితే గుంపు చెదిరిపోతుంది, తప్పు తూటాదనుకుంటారు. ఒకే రైఫిల్‌కి ఒక కంపెనీది అంగుళంలో పడుతుంది, ఇంకోటి మూడంగుళాలు పోతుంది, ఎందుకో అని బుర్ర బద్దలు కొట్టుకోకండి, ఇనుముకి కూడా ఇష్టాయిష్టాలుంటాయి. బాగా పడినదానితో వంద గజాల్లో రెండంగుళాలు పైన తగిలేలా స్కోప్ తిప్పుకుంటే .308కైనా క్రీడ్‌మోర్‌కైనా రెండొందల గజాల దగ్గర గురి దాదాపు సరిగ్గా కూర్చుంటుంది, మూడొందలకి ఎనిమిది అంగుళాల దాకా కిందికి పడుతుంది. తర్వాత బెంచి వదిలేసి కూర్చుని, మోకాలి మీద ఆనించి, చెట్టుకి ఆనించి, అన్నం తినే పేపర్ ప్లేట్ పెట్టి కాల్చండి. ప్లేట్లో ఐదుకి ఐదూ ఏ దూరం దాకా పడతాయో అదే ఈ సీజన్‌కి మీ హద్దు. నాది ఇప్పటికీ 250 గజాలు. ఇక బాగా పడిన ఆ బాక్స్ మీద లాట్ నంబర్ (ఒకే విడతలో తయారైనవాటికి వేసే నంబర్) చూసి, అదే నంబర్‌వి షాపులో ఇంకో నాలుగైదుంటే తెచ్చి పక్కన పెట్టుకోండి, సీజన్ మొదలయ్యే వారంలో వెళ్తే అవి ఉండవు.